తువ్వాలు కింద ల్యాప్‌టాప్ బేరం

మా నాయన ఎద్దుల దళారి. మా ఊరు డోన్‌కు దగ్గర. చుట్టుపక్కల ఎవరికైనా ఎద్దులు కావాలంటే సొంతంగా సంతకు పోయే ధైర్యం చేసేవాళ్లు కాదు, మా నాయనను పిలుచుకుని పోయేవాళ్లు. ఆయన ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఒంటి మీద సుడులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుకుతాడు. తోక మెలిపెట్టి దానికి రోషం ఉందో లేదో కనుక్కుంటాడు. కాస్త నడిపించి చూస్తాడు. అన్నీ కుదిరాక భుజం మీది తువ్వాలు తీసి అమ్మేవాడి చేతి మీద కప్పుతాడు. ఆ తువ్వాలు కింద ఇద్దరూ వేళ్లు పట్టుకుని, వేలికింత అని బేరం చేసుకుంటారు. పైకి ఒక్క మాట వినపడదు.

అమ్మేవాడితో అయ్యాక తువ్వాలు కొనేవాడి చేతి మీదికి వస్తుంది. ఇష్టమైతే కొనేవాడు దళారి అరచేతిని గట్టిగా నొక్కుతాడు. ఇష్టం లేకపోతే వేళ్లు ముడుచుకుంటాడు. చుట్టూ ఎంతమంది చేరి తొంగి చూసినా కనపడేది తువ్వాలే. కాదన్నా ఎవరి మొహమూ చిన్నబోదు, ఔనన్నా ఎవరూ దిష్టి పెట్టరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నా మొదటి ల్యాప్‌టాప్‌ను ఆయన ఈ పద్ధతిలోనే కొన్నాడు.

నేను కర్నూల్లో హాస్టల్లో ఉండి ఇంజనీరింగు చదివాను. చదివేది కంప్యూటర్లే అయినా ఆఖరి సంవత్సరం దాకా నాకు సొంత కంప్యూటరు లేదు. కాలేజీ ల్యాబులో కొంత, పక్క మంచం పిల్లను బతిమాలి కొంత నెట్టుకొచ్చాను. ఆఖరి సంవత్సరంలో ఉద్యోగాల పరీక్షలు మొదలయ్యాయి. ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు కెమెరా ఆన్ చేసుకుని, అందరూ ఒకే సమయానికి రాయాలి. పక్క మంచం పిల్ల కూడా అదే సమయానికి రాయాలి కాబట్టి బతిమాలడానికి ఎవరూ మిగల్లేదు. ల్యాప్‌టాప్ లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే ఉద్యోగం లేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి చెప్పాను.

"కొందాం. నేనొచ్చి చూస్తా," అన్నాడు నాయన.

"నీకేం తెలుసు నాయనా అందులో?" అన్నాను.

"కొనేది ఏదైనా కానీ, చూసే కన్ను ఒగటే," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా నోరు లేచేలోపు అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది.

"పిలుచుకోని పో పాపా. అందరూ ట్రాక్టర్లు పెట్టుకున్న్యారు. మీ నాయన్ను సంతకు రమ్మని పిలిచినోళ్లు లేరు ఈ మధ్య. ఆ తువ్వాలు దులిపి శానా దినాలైంది," అని గొంతు తగ్గించి చెప్పింది.

అమ్మ మాట కాదనలేకపోయాను. ఆ పిలుచుకుపోవడమే నా పాలిట శనైంది.

కర్నూలు పాతబస్తీ సందులో వాడిన ల్యాప్‌టాప్‌లు అమ్మే అంగడి ఒకటుండేది. దాని యజమాని లావుపాటి మనిషి, కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే. మేమందరం ఆయనను భాయ్ అనేవాళ్లం. మా నాయన తలపాగా చూసి స్టూలు వేసి, "రా చాచా, కూర్చో," అన్నాడు. నాయన కూర్చోలేదు. సంతలో కూర్చుని ఎద్దును చూసేవాడు మోసపోతాడని ఆయన నమ్మకం.

నాకు సరిపడేవి రెండు బయటికి తీశాడు భాయ్. ఒకటి వెండి రంగుది, పలచగా, ముచ్చటగా ఉంది. ఇంకోటి నల్లది, మా ఇంట్లో రొట్టెల పీట మందం ఉంది. వెండి రంగుదే వేగంగా పనిచేస్తుందని భాయే చెప్పాడు. నా చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

"ఎన్నేండ్లదప్పా ఇది?" అని అడిగాడు నాయన.

"మూడేండ్లు చాచా. ఆఫీసులో వాడింది. ఏసీలో పెట్టి వాడింది."

"అంటే నీడలో కట్టేసి మేపిందన్న మాట," అని పెదవి విరిచాడు నాయన.

తర్వాత పరీక్ష మొదలైంది. మూత తెరిచి, మీటలన్నీ వేలితో ఒక్కొక్కటే కదిలించి చూశాడు, కదిలే పన్ను ఏదైనా ఉందేమోనని. పక్కనున్న గాలి రంధ్రాల దగ్గర అరచెయ్యి పెట్టి ఊపిరి చూశాడు. ఛార్జరు వైరు చేతిలోకి తీసుకుని, నేను ఆపేలోపే, తోకను తిప్పినట్టు మెలి తిప్పాడు.

"అరే చాచా, తెగిపోతాది!" అని భాయ్ బల్ల మీద నుంచి దూకినంత పని చేశాడు.

"తెగితే ఈడనే తెగనీలే," అన్నాడు నాయన శాంతంగా.

నేను సిగ్గుతో గోడకున్న క్యాలెండరు వైపు తిరిగి నిలబడ్డాను. అందుకే ఆయన మూత మూసి, పైన మచ్చను చూసిన క్షణం నా కంట పడలేదు. వెనక్కి తిరిగేసరికి ఆయన మొహం మాడిపోయి ఉంది. వెండి రంగు మూత మీద, నట్టనడుమ, గుండ్రటి మచ్చ ఒకటి ఉంది.

"సుడి," అన్నాడు.

"నాయనా, అది టీ గ్లాసు పెట్టిన మచ్చ!"

"ఎట్ల వచ్చిందనేది కాదు పాపా. యాడ ఉండాదనేది. నడినెత్తిన సుడి ఉండేదాన్ని ఎవురూ ఇంటికి తోలుకపోరు. యజమానికి చేటు."

నేను మొత్తుకున్నాను. భాయ్ కూడా నా వైపే మాట్లాడాడు. నెయిల్ పాలిష్ తుడిచే నీళ్లతో ఆ మచ్చను తుడిచేస్తానన్నాడు. ఆ మాటతో నాయనకు అనుమానం ఇంకా బలపడింది. సుడిని చెరిపేసి అమ్మేవాళ్లను ఆయన సంతలో చాలామందిని చూశాడట. నల్లదాన్ని రెండు చేతులతో ఎత్తి, బరువు తూచి, మూతంతా తడిమి చూశాడు. మచ్చ లేదు, మరక లేదు.

"ఇదిగో, దీనికి కండ ఉండాది," అన్నాడు.

భుజం మీది తువ్వాలు దిగింది. భాయ్‌కి ఏం జరుగుతుందో అర్థమయ్యేలోపే తన చెయ్యి దాని కిందికి పోయింది. "చాచా, గిలిగింతలు పెడతాండావు!" అని భాయ్ మెలికలు తిరిగి నవ్వాడు. అంగట్లో ఉన్నవాళ్లంతా పని ఆపి చూశారు. నవ్వుతూనే భాయ్ ఏ వేలికి ఒప్పుకున్నాడో ఏమో, నాయన తృప్తిగా తల ఊపి తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

ల్యాప్‌టాప్ నాది. పరీక్ష నాది. కానీ తువ్వాలు నా చేతి దాకా రాలేదు. కొనే మనిషి చెయ్యి అడగకుండా మా నాయన బేరం ముగించడం నేనెప్పుడూ వినలేదు. ఆ కోపంతోనే ఆటోలో హాస్టల్‌కు వచ్చాను. ఒళ్లో ఆ నల్లదాని బరువుకు కాళ్లు తిమ్మిరెక్కాయి.

దాని పనితనం హాస్టల్లో బయటపడింది. పొద్దున లేవగానే మీట నొక్కి, స్నానానికి లైను కట్టి, స్నానం చేసి, తల దువ్వుకుని, మెస్సులో బొరుగుల ఉగ్గాని తిని, బజ్జీలు ఇంకా ఉన్నాయేమో అడిగి, లేవని తెలుసుకుని, తిరిగి వస్తే అప్పటికి తెర మీద నా పేరు కనపడేది. ఇంకేదైనా తెరవమంటే మళ్లీ ఆలోచనలో పడేది. గదిలో పిల్లలు దానికి బసవన్న అని పేరు పెట్టారు. "మీ బసవన్న లేచినాడా?" అని పక్క గదుల నుంచి కూడా వచ్చి అడిగేవాళ్లు. ఒకమ్మాయి పచ్చిగడ్డి తెచ్చి దాని ముందు పెట్టింది. నవ్వాను కానీ లోపల ఉడికిపోయాను.

ఇంటికి ఫోను చేసి చెప్తే నాయన కంగారు పడలేదు.

"కొత్త చోటు కదా, బెదురుంటాది. రెండు దినాలు మెత్తగా పని చేయించు," అన్నాడు.

మెత్తగానే చేయించాను. పరీక్ష వారంలోకి వచ్చింది. ముందుగా అందరికీ ఒక నమూనా పరీక్ష పెట్టారు, కెమెరాతో సహా. నా బసవన్న కెమెరా తెరిచాడు, నా మొహం చూశాడు, అంతే, బిగుసుకుపోయాడు. సగం మూసిన కళ్లతో, తెరిచిన నోటితో నా బొమ్మ తెర మీద అలాగే ఉండిపోయింది. గదిలో అందరూ టకటకా రాసుకుంటున్నారు. నేను నా బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. అసలు పరీక్షలో ఇదే జరిగితే నా గతి ఏమిటి?

మళ్లీ ఫోను చేశాను. ఈసారి అరిచాను.

"నువ్వు ఎంచిన ఎద్దు పండుకునింది నాయనా! ముల్లుకర్రతో పొడిచినా లేయలేదు. వచ్చి చూసుకో నీ కండ!"

అవతల ఫోను అమ్మ చేతికి పోయింది. మరుసటి రోజు పొద్దున హాస్టల్ గేటు దగ్గర నాయన ఉన్నాడు. తువ్వాలు భుజం మీదే ఉంది.

బసవన్నను సంకలో పెట్టుకుని భాయ్ అంగటికి పోయాం. భాయ్ దాన్ని తిప్పి స్క్రూలు విప్పాడు. లోపల పాతకాలపు తిరిగే డిస్కు ఉందని, అది తీసి తిరగని కొత్త డిస్కు వేస్తే చప్పున లేస్తుందని చెప్పాడు.

"తిరక్కుండా పనెట్ల చేస్తాది?" అని నాయన అడిగాడు కానీ ఎక్కువ పట్టుబట్టలేదు. లోపలి సంగతి వైద్యుడు చూసుకుంటాడన్నట్టు ఊరుకున్నాడు. చిక్కు రెండోదానితో వచ్చింది. ర్యామ్ చిన్నదని, దానికి తోడు ఇంకోటి పెట్టాలని, పక్కనే ఖాళీ గాడి ఉందని భాయ్ చూపించాడు. ఆ ఖాళీ చూడగానే నాయన మొహం వెలిగింది.

"ఒంటెద్దుతో దున్నిస్తాండామా ఇన్ని దినాలు! మరి లేయమంటే యాడ లేస్తాది పాపం!" అని బసవన్న వైపు జాలిగా చూశాడు.

నాక్కూడా ప్రాణం లేచొచ్చింది. భాయ్ డబ్బాలో నుంచి తోడు ర్యామ్ తీశాడు. నాయన దాన్ని పాతదాని పక్కన పెట్టి చూశాడు. పాతది ఆకుపచ్చ పలక. కొత్తది నల్ల పలక.

"జోడు కుదరలేదప్పా. రంగు వేరే ఉండాది," అన్నాడు.

"రంగుతో పనేం లేదు చాచా. రెండిట్ల బలం ఒకటే. కలిసి పక్కాగా పనిచేస్తాయి."

"జోడంటే ఒక రంగుదే ఉండాల."

"లోపల పెట్టి మూసేసేది కదా నాయనా! ఎవురు చూస్తారు?"

"దానికి తెలుస్తాది," అన్నాడు నాయన.

భాయ్ దగ్గర ఆకుపచ్చది లేదు. పాత డిస్కులోవన్నీ తన కంప్యూటరు మీద కొత్తదాంట్లోకి ఎక్కించడానికి ఎటూ సగం రోజు పడుతుందన్నాడు. ఆ సగం రోజూ మా నాయన వెనక, కర్నూలు ఎండలో, ఆకుపచ్చ ర్యామ్ కోసం తిరిగాను. పాత ర్యామ్‌ను తువ్వాలు కొసలో ముడివేసుకుని, కనపడిన ప్రతి కంప్యూటరు అంగట్లో ముడి విప్పి చూపించాడు. ఆకుపచ్చది ఉన్నచోట అది పొడుగ్గా ఉండేది, పొట్టిది ఉన్నచోట నీలంగా ఉండేది. ఒకచోట అచ్చం అలాంటిదే దొరికింది. నేను దేవుడికి దండం పెట్టుకునేలోపు అది చెడిపోయిందని, అలంకారానికి పెట్టుకున్నామని చెప్పారు. నాయన దాన్ని కూడా కాసేపు ఆశగా చూశాడు.

రాజవిహార్ సెంటరు దగ్గర నన్నారి షర్బత్తు అమ్మే బండి నీడలో నేను ఆగిపోయాను. ఇక కదలనన్నాను.

"రేపు నా పరీక్ష నాయనా. రేపు! నువ్వు రంగు చూస్తా తిరుగుతాండావు. ఊర్లో ఎద్దులు కొనేటోళ్లు ఎవురూ లేరు. అందుకని నీ దళారీతనమంతా నా మీద చూపిస్తాండావా?"

బండి దగ్గరున్న వాళ్లు ఇటు తిరిగారు. ఆయన గ్లాసులోని నన్నారి తాగకుండా అలాగే పట్టుకున్నాడు.

"కొనేటోళ్లు లేరని నాకు తెలీదా పాపా? నా చేత్తో కొనే ఆఖరి బేరం ఇదేనేమో అనుకున్న్యా. అందుకే ఏ లోపమూ లేకుండా చూడాలనుకున్న్యా. నీ ఎద్దే పండుకునె." ఒక్క గుక్కలో నన్నారి తాగి గ్లాసు బండి మీద పెట్టాడు. "పా. నల్లదే కడదాం."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుందామనిపించింది, పట్టుకోలేదు. పక్కనే నడిచాను.

భాయ్ ఆకుపచ్చదాని పక్కన నల్లదాన్ని బిగించి, స్క్రూలు తిప్పి, మీట నొక్కాడు. నాయన స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చోబోయాడు, చాలాసేపు పడుతుందని. ఆయన కూర్చునేలోపే తెర వెలిగి నా పేరు కనపడింది. సగం వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఏమప్పా, ఇంత జల్దీనా?"

"జోడు కుదిరింది చాచా," అన్నాడు భాయ్ నవ్వుతూ.

మరునాడు పరీక్ష. నాయన ఊరికి పోకుండా తెలిసినవాళ్లింట్లో ఉండి, పొద్దున్నే హాస్టల్ గేటు పక్క అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. నేను గదిలో కెమెరా తెరిచాను. నా మొహం కనపడింది, కదిలింది. ప్రశ్నలు వచ్చాయి. కాసేపటికి బసవన్న రొప్పడం మొదలుపెట్టాడు. నాకు తెలియకుండానే నా ఎడమ చెయ్యి గాలి రంధ్రాల దగ్గరికి పోయింది. ఊపిరి వేడిగా ఉంది కానీ ఒకే తీరుగా వస్తోంది. అలాగే చెయ్యి పెట్టి, మధ్యమధ్యలో వీపు నిమురుతూ రాశాను. చేతులు రెండూ కెమెరాకు కనపడేట్టు పెట్టమని తెర మీద రెండుసార్లు హెచ్చరిక వచ్చింది.

అయిపోయాక గేటు దగ్గరికి పరిగెత్తాను. పరీక్ష ఎలా రాశావని ఆయన అడగలేదు.

"నిలబడిందా?" అన్నాడు.

"నిలబడింది నాయనా."

"అలిసిపోయిందా?"

"బాగా అలిసిపోయింది."

"అయితే ఈ పొద్దుకు దాని జోలికి పోవద్దు. పండుకోనీ," అని చెప్పి బస్సెక్కాడు. నేను గదికి పోయి బసవన్నను ఆపేసి, మూత మూసి, ఫ్యాను కింద పెట్టాను. చూసి గదిలో పిల్లలు పడీపడీ నవ్వారు.

ఆ పరీక్షలో నెగ్గి నేను ఉద్యోగంలో చేరాను. మా ఊళ్లో ఆ ఖ్యాతి నాకు దక్కలేదు. దళారి చూసి కొన్న ల్యాప్‌టాప్‌తో దళారి కూతురికి ఉద్యోగం వచ్చిందని చెప్పుకున్నారు. నేను సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు మా పక్కింటి చిన్నాయన, కూతురు డిగ్రీలో చేరిందని, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, పాపకు ల్యాప్‌టాప్ కొనాల. నువ్వొచ్చి చూడాల," అన్నాడు.

నాయన లేచి, దండెం మీది తువ్వాలు తీసి, వాకిట్లో గట్టిగా దులిపాడు. అమ్మ వంటింట్లో నుంచి నా వైపు చూసింది.

"చూద్దాం. మా పాప గూడా వస్తాది," అన్నాడు నాయన.

కర్నూలు అంగట్లో మమ్మల్ని చూడగానే భాయ్ ఛార్జర్లన్నీ తీసి బల్ల కింద దాచాడు. నాయన ఏమీ అనుకోలేదు. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి చివరికి ఒకదాని దగ్గర ఆగాడు. నల్లది. మందంగా, బరువుగా, ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా నిగనిగలాడుతోంది. ఎత్తి చూశాడు, తడిమాడు, ఊపిరి చూశాడు. ఆయన కళ్లు మెరవడం చూసి చిన్నాయనకు కూడా అది నచ్చేసింది. నేను దాన్ని తెరిచి లోపల ఏమున్నాయో చూసుకుని, భాయ్‌ను ఒకటి రెండు అడిగి, పక్కకు జరిగాను.

తువ్వాలు దిగింది. భాయ్ ఇప్పుడు ఆరితేరాడు, గిలిగింతలు లేకుండా తనే చెయ్యి చాచాడు. వాళ్లిద్దరిదీ అయిపోయింది. కొనేవాడు కాబట్టి చిన్నాయన తన చెయ్యి ముందుకు పెట్టాడు. నాయన ఆ చేతిని దాటుకుని వచ్చి తువ్వాలు నా చేతి మీద కప్పాడు.

ఆ కింద ఆయన అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. నాకా పద్ధతి చిన్నప్పటి నుంచి తెలుసు కానీ ఆ చెయ్యి నన్ను అడగడం అదే మొదలు. ఆ నల్లదాని లోపలున్నది మళ్లీ తిరిగే డిస్కే. ర్యామ్ ఒక్కటే, అదీ పలకకు అతికించి ఉంది, తోడు పెట్టడానికి గాడి కూడా లేదు. నేను వేళ్లు ముడుచుకున్నాను.

ఆయన నా పిడికిలిని ఇంకోసారి మెల్లగా తట్టి అడిగాడు. నేను విప్పలేదు. నాయన తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు. మచ్చలేని ఆ నల్లదాన్ని చివరిసారి కళ్లారా చూసుకుని, భాయ్ వైపు తిరిగాడు.

"వద్దప్పా. ఇంకోదాన్ని తోలుకరా."